తొట్టిలో పెరగని చేపలు

మా ఇంటి వాకిట్లో ఒక సిమెంటు తొట్టి ఉంది. మా అత్త కాలంలో బర్రెలు అందులో నీళ్ళు తాగేవి. అప్పట్లో గౌలిపురలో మా గల్లీ అంతా పాలవాళ్ళే. బర్రెలు పోయాయి, తొట్టి మిగిలింది. అందులో మా ఆయన చేపపిల్లలు పోశాడు. ఆయన పోయాక వాటిని నేను సాకాను. ఆ సంగతే చెబుతున్నాను. నాకు రాయడం రాదు, సంతకం వరకే. నేను చెబుతుంటే నా కోడలు రాస్తోంది.

ఆయనది సర్కారు నౌకరీ. చేపపిల్లలు పెంచే కేంద్రంలో తొట్లు కడగడం, వల లాగడం, మేత చల్లడం. పాలవాళ్ళ ఇంట్లో పుట్టి చేపల్లో పడ్డాడని మా అత్తకు చచ్చేదాకా గుర్రే. ఆయన ఇంట్లోకి అడుగు పెట్టగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది.

"పాలోల్ల ఇంట్ల గీ నీసు వాసనేందిరా? బర్రెలు సుత మొఖం తిప్పుకుంటున్నయ్."

"బర్రెలు కాదే అవ్వా, నువ్వే తిప్పుకుంటున్నవ్," అనేవాడు ఆయన, లుంగీ మార్చుకుంటూ.

నాకూ మొదట్లో ఆ వాసన పడేది కాదు. తర్వాత అలవాటైంది. ఇప్పుడు చేపల బజారు పక్క నుంచి పోతే ఆ వాసనకు కాళ్ళు ఆగిపోతాయి.

ఆయన పోయే ముందటి ఏడాది, కేంద్రంలో సీజను అయిపోయి తొట్లు కడుగుతుంటే అడుగున కొన్ని రవ్వ చేప పిల్లలు మిగిలాయట. పారబోస్తే కొంగల పాలు. టిఫిన్ డబ్బాలో నీళ్ళు పోసి వాటిని ఇంటికి తెచ్చాడు. అప్పుడవి గోరంత ఉన్నాయి. నెలలు గడిచినా వేలు పొడుగు దాటలేదు. తవుడు, పల్లిచెక్క కలిపి నానబెట్టి చిటికెడు మాత్రమే వేసేవాడు. నాకు చూస్తే ఒళ్ళు మండేది.

"ఏందయ్యా, గంత పిసినారితనం? కడుపు నిండ పెట్టరాదు!"

"గింత తొట్ల పెరిగితే యాడ తిరుగుతయే? పానం నిలవడేటంత పెట్టాలె. ఇరుకుల ఉన్నన్ని దినాలు పెరుగుడు ఆపుకుంటయ్. వానలు పడి చెర్వు నిండినంక ఇడుస్త. అప్పుడు సూడు నువ్వు. ఆపుకున్నదంత ఒక్కసారే పెరుగుతయ్."

"పెరిగినంక ఎవలు తింటరు? మనమా?"

"ఎవలన్న తిననీ. నీకెందుకే గంత ఫికర్?"

ఆ వానలకు ఆయన లేడు. ఎండాకాలం పోతూ పోతూ ఆయన్ని తీసుకుపోయింది. గుండె పట్టేసిందన్నారు.

దినాలు అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయాక ఇల్లు సప్పుడు లేకుండా అయింది. నేను తొట్టి దగ్గరికి చేరాను. మాది పాలవాళ్ళ ఇల్లు కదా, తొట్టిలో ఎంత పడితే పొదుగులో అంత దిగుతుందన్నదే మాకు తెలిసిన విద్య. ఆయన చిటికెడు వేసినచోట నేను పిడికెడు వేశాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆయన చేతి మేత తిన్న చేపలు, నా చేతిలో ఎండిపోకూడదు అనుకున్నాను.

కొన్నాళ్ళకు ఒక వింత జరిగింది. తెల్లారగట్ల నేను వెళ్ళేసరికి చేపలన్నీ పైకి వచ్చి, మూతులు నీళ్ళ పైన పెట్టి, నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉండేవి. ఆయన ఉన్నప్పుడు ఇట్లా ఎన్నడూ రాలేదు. నా కోసమే లేచి వచ్చాయనుకున్నాను. ఏం చెప్పను ఆ సంతోషం! పొద్దున లేస్తే నా కోసం ఎదురుచూసేవి ఉన్నాయని మంచం మీద నుంచి లేవబుద్ధి అయ్యేది.

"అత్తమ్మా, నీళ్ళు పచ్చగైనయ్. వాసనొస్తుంది," అంది కోడలు.

"చాపలున్న కాడ మల్లెపూల వాసనొస్తదా? అవి నన్ను గుర్తువడుతున్నయే, సూడు."

ఆకలేమో అని ఇంకో పిడికెడు వేశాను.

ఆయనతో కలిసి పనిచేసిన భాయ్ ఒకాయన యాకుత్‌పురాలో ఉంటాడు. డ్యూటీకి పోతూ ఒక పొద్దున నన్ను పలకరించడానికి వచ్చాడు. చాయ్ గ్లాసు పట్టుకుని తొట్టిలోకి తొంగిచూశాడు. గ్లాసు కింద పెట్టేసి, చొక్కా చేతులు మడిచి అడుగుదాకా చెయ్యి ముంచాడు. నల్లగా మురిగిన మేత గుప్పెడు పైకి వచ్చింది.

"భాభీ, గివి మీకు సలాం చేస్తలేవ్. దమ్ము ఆడక పైకొస్తున్నయ్. తిన్నది తక్వ, మురిగింది జాస్తి. తెల్లారేటాళ్ళకు నీళ్ళల్ల గాలి అయిపోతుంది."

నిజం చెబుతాను. అవి చస్తున్నాయన్న బాధ తర్వాత వచ్చింది. ముందు వచ్చింది, నన్ను గుర్తుపట్టలేదా అన్న బాధ.

భాయ్ బకెట్టుతో సగం నీళ్ళు తోడిపోశాడు. నల్లా నీళ్ళు బిందెలో పట్టి, కాసేపు ఉంచి మెల్లగా నింపాడు. "చెర్వు నిండింది భాభీ. భయ్యా ఇడుస్తనన్నడు గద? తీస్కపోదాం," అన్నాడు.

"ఇయ్య."

"భాభీ, జర సునో..."

"ఇయ్యనంటే ఇయ్య. ఆయన చేత్తోని తిన్నయి గివే మిగిలినయ్. గివి సుత పోతే నాకేమున్నది?"

భాయ్ చల్లారిన చాయ్ తాగి వెళ్ళిపోయాడు.

మేత మళ్ళీ చిటికెడుకు తెచ్చాను. అయినా కొన్ని చచ్చి తేలాయి. మిగిలినవి చూస్తే తల పెద్దగా, ఒళ్ళు సన్నగా, ముసలి మొఖం పెట్టుకున్న పిల్లల లెక్క ఉండేవి.

ఆదివారం భాయ్ మళ్ళీ వచ్చాడు. చేతిలో పేపరు చుట్టిన పెద్ద చేప. తొట్టి గోడ మీద పెట్టి విప్పాడు.

"నిన్న వలల వడ్డది. ఆ ఏడు మా కేంద్రం పిల్లల్నే గా చెర్వుల పోసినం. మీ తొట్ల ఉన్నయి, గిది, ఒక్క ఈడువే. అక్కచెల్లెండ్లు అనుకోండ్రి."

"అయ్యో, దీన్ని కొయ్యాల్నా, మొక్కాల్నా?" అంది కోడలు.

నేను నవ్వలేదు. నా చెయ్యి దాని పక్కన ఆనించి చూశాను. మోచేయి నుంచి వేళ్ళ దాకా ఉంది. పొలుసు ఒక్కొక్కటి గట్టిగా, గులాబీ మెరుపుతో. వంగి తొట్టిలోకి చూశాను. వేలంత చేపలు గోడ వెంట తిరుగుతున్నాయి. ఆపుకుంటాయని ఆయన చెప్పింది ఇదే. నేను పట్టుకుని కూర్చున్నంత కాలం ఇవి ఇట్లా ఆపుకునే ఉంటాయి.

"ఆటో పిలువు భాయ్," అన్నాను.

పెద్ద ప్లాస్టిక్ సంచిలో నీళ్ళు పోసి, చేపల్ని ఎత్తి, గాలి ఉంచి మూతి కట్టాడు. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చాంద్రాయణగుట్ట దగ్గర ట్రాఫిక్‌లో ఆటో ఆగితే డ్రైవర్ వెనక్కి తిరిగాడు.

"అమ్మా, సీటు తడుస్తుంది. గందుల ఏమున్నది?"

"మా ఇంటోల్లు," అన్నాను. అతను ముందుకు తిరిగాడు.

చెరువు కాడ చేపలు పట్టేవాళ్ళు భాయ్‌కి తెలిసినవాళ్ళే. నేను సంచి మూతి విప్పి కుమ్మరించబోతే చెయ్యి పట్టి ఆపాడు. సంచిని అట్లాగే నీళ్ళ మీద తేలేశాడు. లోపలి నీళ్ళ వేడి, చెరువు నీళ్ళ వేడి ఒక్కటి కావాలట. కాసేపటికి మూతి విప్పి, దోసిలితో చెరువు నీళ్ళు కొంచెం కొంచెం లోపలికి పోశాడు. నాతోనూ పోయించాడు. మోకాళ్ళ లోతులో నిలబడి, చీర తడిసి బరువెక్కుతుంటే, నేను ఒక్కొక్క దోసిలి పోశాను. ఎంత మెల్లగా పోస్తే అంతసేపు నా దగ్గర ఉంటాయి.

"బస్ భాభీ, ఇగ ఒంచుండ్రి. తొయ్యకుండ్రి, అవే పోతయ్."

సంచి ఒంచాను. అవి కదల్లేదు. లోపలే ఒకదాన్నొకటి ఆనుకుని తిరుగుతున్నాయి. బయట అంత నీరుంటే ఇవి ఇరుకే వెతుక్కుంటున్నాయి. నాకు లోపల ఆశ పుట్టింది, పోవేమో అని. ఇంతలో ఒకటి మూతి దాకా వచ్చింది, ఆగింది, తోక ఒక్కసారి కొట్టి పోయింది. దాని వెనక మిగిలినవి. నీళ్ళు మసకగా ఉన్నాయి, రెండు మూరల తర్వాత ఏదీ కనిపించలేదు.

ఆయన ఉంటే నవ్వేవాడు. నాకు మాత్రం ఒక్కటైనా వెనక్కి మళ్ళితే బాగుండు అనిపించింది. ఖాళీ సంచిని అట్లాగే నీళ్ళలో తెరిచి పట్టుకుని నిలబడ్డాను.

"భాభీ, పోదామా?" అన్నాడు భాయ్ గట్టు మీద నుంచి.

"జర ఆగు," అన్నాను.