బండి వెనక నిలబడ్డ మనిషి పేరు

మీరందరూ చెప్పిన దయ్యాల కథలు విన్నాను. తెల్లచీరలు, గజ్జెల చప్పుళ్లు... బాగానే ఉన్నాయి. నాది అట్లాంటిది కాదు. మా ఇంట్లో ఒట్లు పెట్టుకోం, పాస్టరు గారు వద్దంటారు. కాబట్టి ఒట్టు వేయను. ఒక్కటే అంటాను. ఇది కల్పించి చెప్పేదాన్నే అయితే, ఇందులో నన్ను నేను కాస్త మంచిదాన్నిగా చెప్పుకునేదాన్ని. వినండి, మీకే తెలుస్తుంది.

నేను పనిచేసేది శామీర్‌పేట అవతల ఒక యూనివర్సిటీలో. మట్టి పరీక్షల ల్యాబులో టెక్నీషియన్ని. పిల్లలను పొలాలకు తీసుకెళ్లి మట్టి నమూనాలు తేవాలి. డ్రైవర్లు తక్కువ. అందుకని స్టాఫ్‌లో లైసెన్సు ఉన్నవాళ్లకు ఒక పరీక్ష పెట్టి, పాసైతే బండి ఇస్తారు. నేను మొదటిసారికే పాసయ్యాను. ఆ గర్వం కూడా ఉండేది నాకు.

బండి అంటే పాత జీపు. వెనక ఎదురెదురుగా రెండు బెంచీలు, వెనకవైపు తలుపు. స్టీరింగ్ పక్కన రూల్సు కాగితం అంటించి ఉంటుంది. కదిలే ముందు తలలు లెక్కపెట్టాలి. లైట్లన్నీ వెలుగుతున్నాయో లేదో చూడాలి. ఫోన్ ముట్టొద్దు. రివర్స్ తీసేటప్పుడు ఒక మనిషి దిగి వెనక నిలబడాలి... ఆ మనిషి పేరు, సంతకం లాగ్‌బుక్‌లో ఉండాలి. ప్రతి ట్రిప్పుకూ.

మా బండికి ఆ మనిషి యాదయ్య. మా ల్యాబు అటెండరు. నేను కాకా అని పిలిచేదాన్ని. వేలిముద్ర మనిషి. మధ్యాహ్నం టిఫిను డబ్బా కడిగాక నేనే కూర్చోబెట్టి సంతకం నేర్పాను. 'యా' రాసి, తోక పొడుగ్గా లాగి, కింద రెండు చుక్కలు. చుక్కలెందుకు కాకా అంటే, "గట్లుంటెనే ఆఫీసరు సంతకం లెక్క కనవడ్తది బిడ్డా" అనేవాడు. వాళ్ల ఊళ్లో రేషన్ షాపులో మొదటిసారి సంతకం పెట్టిన రోజు నాకు పావుకిలో జిలేబీ తెచ్చాడు.

రివర్స్‌లో అరిచే అలవాటు లేదు ఆయనకు. అరచేత్తో బండిని కొడతాడు. రెండు దెబ్బలంటే రానీ. ఒక్కటంటే ఆగు. వేలికి వెండి ఉంగరం. దెబ్బ పడ్డాక అది రేకుకు తగిలి చిన్నగా మోగేది. దబ్ దబ్... టిక్. ఆరేళ్లు విన్నాను ఆ చప్పుడు.

తర్వాత ఆయనకు మోకాళ్ల నొప్పులు. కొన్ని రోజులు రాలేకపోయేవాడు. "నా పేరు రాసి నువ్వే పెట్టెయ్ బిడ్డా. నేర్పింది నువ్వే గదా" అన్నాడు. పెట్టేశాను. ఎవరూ అడగలేదు. ఇంకోసారి పెట్టాను.

ఎండాకాలంలో ఒక పొద్దున గుండె ఆగి యాదయ్య కాక చనిపోయాడు. నేను వెళ్లాను. ఏడ్చాను. సోమవారం వచ్చి బండి తీస్తూ లాగ్‌బుక్ నింపాను. నింపాక చూస్తే... యాదయ్య అని రాసి ఉంది. కింద సంతకం. అలవాటు చొప్పున చెయ్యి రాసేసింది, నిజం. కొట్టేద్దామనుకున్నాను. కానీ కొట్టివేత ఉంటే దానికి కారణం రాసివ్వాలి మా దగ్గర. ఎవరు చూడొచ్చారులే అనుకున్నాను. సాయంత్రానికి ముద్ర పడి తిరిగొచ్చింది పుస్తకం. ఎవరూ చూడలేదు.

మరుసటి ట్రిప్పుకు చెయ్యి కాదు, నేనే రాశాను. పిల్లల్లో ఒకరిని దించి నిలబెట్టొచ్చు, రూలు ఒప్పుకుంటుంది. వాళ్లకు నేర్పాలి, దింపాలి, ఎక్కించాలి... ఎవరికుంది ఓపిక? అట్లా నాలుగు నెలలు. నాలుగు నెలలు నా బండి వెనక చచ్చిపోయిన మనిషిని నిలబెట్టాను. ఇప్పుడు చెప్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఇక ఆ రోజు.

వానాకాలం చివర. మేడ్చల్ అవతల పొలాలకు పోవాలి, ఆరుగురు పిల్లలు. పొద్దున లాగ్‌బుక్‌లో కాక పేరు రాశాను. సంతకం దగ్గరికి వచ్చేసరికి గడ్డపార దొరకడం లేదని పిల్లలు గోల. పుస్తకం మూసి సీటు కింద తోశాను. సంతకం పెట్టాకే మూశానా, పెట్టకుండానే మూశానా... ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

పొలంలో ఆలస్యమైంది. తిరిగి వచ్చేటప్పటికి చీకటి పడింది. సన్నగా తుంపర. మట్టిబాటలో సగం దూరం వచ్చాక ఎదురుగా గడ్డి ట్రాక్టరు కూరుకుపోయి ఉంది. పక్కకు పోను దారి లేదు. ఇంజిన్ ఆపి చూశాను. పావుగంటైనా అది కదల్లేదు. ఇక వెనక్కి తీయాల్సిందే.

ఇంతలో మా అత్తమ్మ ఫోన్. ఆ సాయంత్రం అల్వాల్‌లో మా ఇంట్లోనే ప్రార్థన.

"యాడున్నవే సునీతా? పాస్టరయ్య వచ్చి కూసున్నడు. చాయ్ కూడ పెట్టలే!"

"వస్తున్న అత్తమ్మా, జల్దీ వస్తున్న."

ఫోన్ చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి తాళం తిప్పాను. "అందరున్నరా?" అని అరిచాను. వెనక నుంచి నవీన్ అనే పిల్లవాడు "ఉన్నరు మేడం" అన్నాడు. నేను వెనక్కి తిరగలేదు. తలలు లెక్కపెట్టలేదు. వెనక లైటు పది రోజులుగా వెలగడం లేదు, దానికీ రోజూ లాగ్‌బుక్‌లో టిక్కు పెడుతూనే ఉన్నాను. ఎన్ని తప్పులయ్యాయో మీరే లెక్కపెట్టుకోండి.

అద్దంలో ఏమీ లేదు. నలుపు. రివర్స్ గేరు వేశాను...

దబ్ దబ్... టిక్.

నాకు భయం వేయలేదు. అదే విచిత్రం. ఆరేళ్లు విన్న చప్పుడు. చెవికి కొత్తగా అనిపించనే లేదు. కిటికీలోంచి గట్టిగా, "వస్తున్న కాకా!" అన్నాను.

బండి కదిలింది. ఒక బారెడు... ఇంకో బారెడు...

ఫోన్‌లో అత్తమ్మ అంటోంది, "ఏ కాకనే? ఎవరున్నరు ఆడ?"

అప్పుడు... అప్పుడు తెలిసింది నాకు ఏమన్నానో. ఒళ్లు జల్లుమంది. కాలు మాత్రం ఇంకా బండిని వెనక్కి నడిపిస్తూనే ఉంది...

దబ్.

ఒక్కటి. చెవికి వినబడ్డం కాదు, నా వీపుకు తగిలినట్టు. కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. ఇంజిన్ ఆగిపోయింది. అంతా నిశ్శబ్దం. రేకు మీద తుంపర. ఎక్కడో కప్పలు.

టిక్.

దిగాను. ఎట్లా దిగానో తెలియదు. ఫోన్ లైటు వేసి వెనక్కి వెళ్లాను. బండి వెనక ఎవరూ నిలబడి లేరు. నిలబడి లేరు... కూర్చుని ఉంది. కుడి టైరు వెనక, కడుపు పట్టుకుని, గొంతుక్కూర్చుని. అఖిల. మా రెండో సంవత్సరం పిల్ల. టైరుకూ ఆమె మోకాలికీ మధ్య జానెడు. చున్నీ కొస టైరు కింద ఉంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. నేనేం చేశానో తెలుసా? ఆ పిల్లను లేపలేదు. తిట్టాను.

"ఎందుకు దిగినవ్? బండి స్టార్టయింది వినవడ్తలేదా? లేవరాదా!"

ఆ పిల్ల మూతి తుడుచుకుని చూసింది. "వాంతికొచ్చింది మేడం. నవీన్‌కు చెప్పే దిగిన." నవీన్ చెవుల్లో ఇయర్‌ఫోన్లు. "బండి సప్పుడు విన్న మేడం. లేద్దామనుకున్న. అంతల మీరు కాకా అన్నరు గదా... ఎనక ఎవరో నిలవడ్డరు, నన్ను చూసిన్రు అనుకున్న. అందుకే లేవలే."

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు.

"బండిని నువ్వు కొట్టినవా?" అన్నాను.

"లేదు మేడం. చేతులు కడుపు మీదనే ఉండె."

నవీన్ దిగి వచ్చాడు. "సప్పుడు నాకు గూడ ఇనవడ్డది మేడం. గడ్డపార కొట్టుకుంటుందనుకున్న." చూశాను. గడ్డపార బెంచీ కాలుకు తాడుతో కట్టి ఉంది, ముడి ఊడలేదు. మట్టి డబ్బాలు మాత్రం కొన్ని పక్కకు ఒరిగి ఉన్నాయి. అవే దొర్లి తగిలాయేమో. కావచ్చు. నేను కాదనడం లేదు.

చున్నీ తీయడానికి బండిని ముందుకు జరిపాను. అప్పుడు ఆరుగురినీ నిలబెట్టి లెక్కపెట్టాను, సిగ్గులేకుండా. నవీన్‌ను వెనక నిలబెట్టి బాట మొదటిదాకా రివర్స్ తీసుకొచ్చాను. క్యాంపస్ చేరాక అఖిల చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లాను. "ఎవ్వరికి చెప్పకమ్మా. నా నౌకరి పోతది" అన్నాను. ఆ పిల్ల రెండో చేత్తో చున్నీ కొసన మట్టి దులుపుకుంటోంది. నేను నా ఉద్యోగం గురించి మాట్లాడుతున్నాను. "చెప్ప మేడం" అంది. తాళాలు, పుస్తకం వాచ్‌మన్‌కు ఇచ్చి ఇంటికి వెళ్లిపోయాను.

ఇంట్లో పాస్టరు గారు అడిగారు, ఈ వారం దేవుడు చేసిన మేలు ఎవరైనా చెప్పుకుంటారా అని. వానలో క్షేమంగా ఇల్లు చేర్చాడు అని చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు.

రెండు వారాల తర్వాత బండ్లు నడిపే కొత్త స్టాఫ్‌కూ, బండ్లలో పోయే పిల్లలకూ ఒక క్లాసు పెట్టారు. రూల్సు ఎవరు చదివి వినిపించాలి? నేనే. "ఇన్నేండ్లల్ల ఒక్క గీత పడని బండి సునీతమ్మది" అని మా ఇన్‌ఛార్జి సారు చప్పట్లు కొట్టించారు. చదవడం మొదలుపెట్టాను. రివర్స్ రూలు దాకా వచ్చాను. రెండో వరుసలో అఖిల కూర్చుని ఉంది. అదే చున్నీ. కొసన నల్లటి మరక, ఉతికినా పోలేదు. నా వైపు కోపంగా చూడలేదు. తల వంచుకుని నేను చదివింది చదివినట్టు నోట్‌బుక్‌లో రాసుకుంటోంది. నా నోట్లోంచి వచ్చిన రూలును!

కాగితం బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను. నేరుగా ట్రాన్స్‌పోర్టు ఆఫీసరు దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. చప్పుడు తప్ప. అఖిల సంగతి, ఫోను, లైటు, సంతకాలు... అన్నీ.

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. లాగ్‌బుక్ తీసి, ఎర్ర పెన్ను ఇచ్చాడు. "యాదయ్య పోయినంక ఉన్న సంతకాలన్ని మీరే పెట్టిన్రు గదమ్మా. ఒక్కొక్కదాని పక్కన 'నేనే పెట్టిన' అని రాసియ్యుండ్రి. బండి తాళాలు ఇగ ఇయ్యం. మిగతాది పైనోళ్లు జూస్తరు."

కూర్చుని రాశాను. నేనే పెట్టాను. పేజీ తిప్పాను. నేనే పెట్టాను. ఒక్కోటి రాస్తుంటే ఆ జిలేబీ పొట్లం గుర్తొచ్చింది. ఎంత ముచ్చటగా నేర్చుకున్నాడు ఆ మనిషి ఆ సంతకం. దాన్ని ఎట్లా వాడుకున్నాను నేను!

ఆ రోజు పేజీ వచ్చింది.

పేరు నా చేతిరాతే. కింద... 'యా', పొడుగు తోక, రెండు చుక్కలు.

పెన్ను ఆగిపోయింది. నేను సంతకం పెట్టకుండానే పుస్తకం మూసినట్టు గుర్తు. మూశాను కదా? లేక పెట్టాకే మూశానా? ముందు పేజీలతో పోల్చి చూశాను. కాక బతికున్నప్పటి పేజీలతోనూ పోల్చాను. ఏం లాభం? నేర్పింది నేనే. ఆయన పెట్టింది నేను పెట్టినట్టే ఉంటుంది. నేను పెట్టింది ఆయన పెట్టినట్టే ఉంటుంది.

"ఏమైందమ్మా? గది మీరు పెట్టలేదా?"

"తెల్వదు సార్."

ఆయన కళ్లద్దాల మీదుగా చూశాడు. "ఇన్ని రాసిన్రు. గీ ఒక్కటే తెల్వదా?"

"తెల్వదు సార్... నిజంగనే తెల్వదు."

ఆయన పుస్తకం మూసేశాడు. ఆ ఒక్క సంతకం పక్కన ఇప్పటికీ ఖాళీగానే ఉంది. నేను మళ్లీ అబద్ధమాడుతున్నానని ఆయన అనుకున్నాడు, ముఖంలో తెలిసిపోయింది. నమ్మండి సార్ అనబోయి ఊరుకున్నాను. ఆ మాట అడిగే ముఖం నాకెక్కడిది?