ఖాజా మామ వేసిన సీలు

మా చిన్నప్పుడు... మెదక్‌లో మా ఇంటి వాకిట్లో, తెల్లగా నిగనిగలాడే జనరేటర్ ఇంజన్ ముందు నాన్న మోకాళ్ల మీద కూర్చుని, దాని కింద గచ్చు మీద వేలు రాసి చూసుకున్నాడు. నల్లగా... జిడ్డుగా... నూనె!

క్రిస్మస్ దగ్గర పడింది. ఆ సాయంత్రం పాపన్నపేట వైపు ఒక ఊళ్లో ప్రార్థన కూటం. నాన్నది పగలు వడ్రంగి పని, సాయంత్రం ఊళ్లల్లో బైబిలు వాక్యం చెప్పడం. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని రోజులవి. ఆ చిన్న పెట్రోల్ ఇంజనే మైకుకూ బల్బులకూ ప్రాణం. నూనె కారిపోతే ఇంజన్ పట్టేస్తుంది... ఇక అంతే!

కానీ నా భయం ఇంజన్ గురించి కాదు. ఖాజా మామ గురించి.

ఖాజా మామ మా వీధి చివర, చాయ్ హోటల్ పక్కన మెకానిక్. నాన్నకు చిన్ననాటి దోస్తు. రంజాన్‌కు వాళ్ల షీర్‌ఖుర్మా మా గిన్నెలో, క్రిస్మస్‌కు మా గరిజెలు వాళ్ల పళ్లెంలో. మొన్ననే ఈ ఇంజన్‌కు సీలు మార్చి ఇచ్చాడు. సీలంటే నూనె బయటికి రాకుండా షాఫ్టు చుట్టూ బిగించే రబ్బరు చుట్టు. నాన్న ఇంకేం ఆలోచించలేదు. చాయ్ హోటల్ ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"ఏం ఖాజా! దోస్తాన్ అనుకుంట నాకే పాత సీల్ ఏసినవా?"

చాయ్ తాగేవాళ్లు గ్లాసులు దించారు. మా నాన్నది మైకు అక్కర్లేని గొంతు. ఆ గొంతే నాకూ వచ్చింది... ఆ కోపం కూడా.

ఖాజా మామ చేతిలో స్పానర్ అక్కడే ఆగిపోయింది. "అల్లా కసం యాకోబన్నా, కొత్తదే ఏసిన. నడువ్, సూద్దాం. తప్పు నాదైతే గీన్నే అందరి ముంగట ఒప్పుకుంట. కాదనుకో... మల్ల నీ ఇంటికి రాను. నా పిల్లలు గుడ రారు!"

"రాకు! ఎవలు రమ్మన్నరు?"

ఖాజా మామ లేని పండగ ఎట్లా ఉంటుంది?

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా మా వాకిట్లోకి వచ్చారు. వెనకాల సగం చాయ్ హోటల్. ఖాజా మామ ఇంజన్‌ను గుడ్డతో పొడిగా తుడిచాడు. "వదినా, జర పౌడర్ డబ్బా ఇయ్యి" అన్నాడు.

అమ్మ ముఖానికి రాసుకునే పౌడర్!

"ఏం ఖాజా, ఇంజన్‌కు పెండ్లి జేస్తవా?" అన్నారు గుంపులోంచి.

ఎవరో నవ్వబోయి, నాన్న కళ్లు చూసి మింగేశారు.

ఖాజా మామ ఇంజన్ చుట్టూ పౌడర్ చల్లాడు. "కింద కారిందని కిందనే చూస్తె ఏం దొరకది. యాడికెళ్లి ఎల్తదో గాడ ముందుగాల తడి పడ్తది" అంటూ తాడు లాగాడు. ఇంజన్ దడదడలాడింది. అందరం వంగి చూస్తున్నాం...

తడి కనిపించింది. సరిగ్గా ఖాజా మామ వేసిన సీలు దగ్గరే!

"చూసినవా!" నాన్న గర్జించాడు.

ఖాజా మామ ముఖంలో నెత్తురు లేదు. కానీ చూపు తిప్పలేదు. కాసేపటికి ఇంకో వైపున, మూత అతుకు దగ్గర కూడా పౌడర్ నల్లబడింది. "గీ దిక్కు నేను ముట్టనే లేదు గదా..." అని గొణిగాడు. ఇంజన్ ఆపాడు. నూనె పోసే బిరడా విప్పాడు.

తుస్స్... లోపల బిగుసుకున్న గాలి ఎగదన్నింది!

"లోపటి గాలి పోనీకి తొవ్వ లేదన్నా. గందుకే గది నూనెను బయటికి నూకుతున్నది." బిరడా తిప్పి చూపించాడు. దాని నెత్తిన ఉండాల్సిన చిన్న రంధ్రం కనిపించలేదు. దాని మీద దట్టంగా తెల్లరంగు.

క్రిస్మస్ వస్తే మావాళ్ల చేతులు ఆగవు కదా! మా చర్చి గుడికి వేయగా మిగిలిన రంగు ఇంటికొస్తుంది. తలుపు, బెంచీ, సైకిల్, కోళ్ల గూడు... కనిపించినదల్లా తెల్లబడాల్సిందే.

అమ్మ నెమ్మదిగా అడిగింది. "ఏమయ్యా... ఐతారం నాడు ఇంజన్‌కు రంగేసింది ఎవలు?"

నాన్న గోళ్ల సందున మిగిలిన తెల్లరంగు గీక్కున్నాడు.

అమ్మ గాజుల నుంచి పిన్నీసు తీసి ఇచ్చింది. ఖాజా మామ రంధ్రం పొడిచి, తుడిచి, మళ్లీ పౌడర్ చల్లి తాడు లాగాడు. ఎంతసేపు నడిచినా పౌడర్ తెల్లగానే ఉంది. అతను స్పానర్ తీసుకుని లేచాడు. అమ్మ చాయ్ తాగి పొమ్మంది. వినిపించుకోలేదు. వెళ్లిపోయాడు.

అప్పుడే కూటానికి పోయే ఆటో వచ్చి హారన్ కొట్టింది. ఇంజన్ ఎక్కించారు. నాన్న ఎక్కలేదు. అర్పణను బలిపీఠం దగ్గరే వదిలి, ముందు నీ సహోదరుడితో సమాధానపడు అని ఊరూరా చెప్పే మనిషి... ఆటోను వదిలి చాయ్ హోటల్ వైపు నడిచాడు. ఇందాక నిలబడ్డ చోటే నిలబడ్డాడు. ఆ గొంతుతోనే అరిచాడు.

"అందరు వినుండ్రి! తప్పు ఖాజాది గాదు, నాది! పైన తెలుపు, లోపట కుళ్లు, సున్నం గొట్టిన సమాధులని మందిని తిడ్తుంట... రంగు పూసి దాని ఊపిరి బంద్ జేసింది నేనే!"

ఖాజా మామ తల వంచుకుని చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు... తుడుచుకుంటూనే...

"గంత గొంతు వెట్టుకోని నీకు మైకెందుకన్నా?" అన్నాడు చివరికి. వచ్చి ఆటోలో ఇంజన్ పక్కన కూర్చున్నాడు. "నడువుండ్రి. తొవ్వల మల్ల రంగెయ్యకుంట నేను చూస్కుంట."

ఆ సాయంత్రం కూటం అయ్యేదాకా అతను ఇంజన్ దగ్గరే ఉన్నాడు. పండగకు మా గరిజెలు వాళ్లింటికి వెళ్లాయి.

ఇప్పుడు నా కూటాలకు బ్యాటరీ మైకు. పొగ లేదు, నూనె లేదు... కోపం వస్తే వీధికెక్కి అరిచేవాళ్లూ తక్కువే. ఫోన్‌లో నంబరు బ్లాక్ చేస్తే సరిపోతుంది. కానీ అరిచిన చోటే నిలబడి, అదే గొంతుతో తప్పు ఒప్పుకునే మనిషిని చూసి ఎన్నేళ్లయిందో...

మీ వీధిలో అట్లాంటి వాళ్లెవరైనా ఉండేవారా? చెప్పండి... ఈ ఆదివారం వాక్యంలో వాళ్లను తలుచుకుంటాను.