ఇద్దరికీ పోసిన ఒడిబియ్యం

నీటిపారుదల శాఖలో పనిచేసినన్నాళ్ళూ కాలువలో నీటిమట్టం రోజూ రాయడం నా పని. దానితోపాటే డైరీ కూడా అలవాటైంది. రిటైరయ్యాక కాలువ పోయింది, డైరీ మిగిలింది. తొంభైల మొదట్లో ఒక పేజీలో ఇలా రాసుకున్నాను: "వెనక రెండు గదులు కిరాయికి ఇచ్చాను. ఇద్దరు ఆడవాళ్ళు. నెమ్మదస్తులు." అంతకన్నా రాయాలని అప్పుడు తోచలేదు.

ఒకామె దవాఖానలో నర్సు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు కొనుక్కున్నవాళ్ళ క్యాంపులో పుట్టింది. రెండో ఆమెది బీర్కూర్ వైపు పల్లె, తరతరాల వ్యవసాయ కుటుంబం. బాన్సువాడ బస్టాండు వెనక బట్టలు కుట్టేది. ఊరంతా వాళ్ళను నర్సమ్మ, టైలరమ్మ అనేవాళ్ళు. పెళ్ళెందుకు చేసుకోలేదని మొదట్లో కొందరు అడిగారు. తర్వాత మానేశారు.

నర్సమ్మ రాత్రి డ్యూటీ దిగి వచ్చేసరికి టైలరమ్మ నీళ్ళు కాగబెట్టి ఉంచేది. కుట్టీ కుట్టీ టైలరమ్మ మెడ పట్టేస్తే, నర్సమ్మ ఆమెను వాకిట్లో స్టూలు మీద కూర్చోబెట్టి తైలం రాసేది. పోట్లాటలన్నీ వంట దగ్గరే.

"గిదేం పప్పు? అంత కారమే ఉంది, పప్పు కనవడ్తలేదు."

"మీ పచ్చిపులుసులో అసలు పప్పే ఉండదు. నేనెప్పుడైనా అడిగానా?"

ఒకరోజు మా ఆవిడ నాకు అన్నం వడ్డిస్తూ, "వాళ్ళు మనలాంటోళ్ళే" అంది.

"అంటే?"

"అంటే మనలాంటోళ్ళే. తినుండ్రి."

నాకు అర్థమైంది. మళ్ళీ ఆ మాట మా మధ్య రాలేదు. రావలసిన అవసరమూ కలగలేదు.

చాలా ఏళ్ళకు వాళ్ళు పక్క గల్లీలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకున్నారు. అంతకుముందు ఆషాఢంలోనే ఢిల్లీ కోర్టు తీర్పు వచ్చింది. ఇద్దరు మగవాళ్ళో ఇద్దరు ఆడవాళ్ళో ఇష్టపడి కలిసి ఉంటే అది నేరం కాదన్నారు. ఆ వారమంతా టీవీల్లో ఒక లాయరు, ఒక స్వామీజీ, ఒక లీడరు కూర్చొని ఒకరి మాట ఒకరు విననీయకుండా అరిచారు.

మా చాయ్ హోటల్లోనూ అదే గొడవ.

"ఇగ మొగోళ్ళు మొగోళ్ళు పెండ్లి చేసుకుంటరంట. కట్నం ఎవరిస్తరు బావా?"

"కోర్టు పెళ్ళి మాటే ఎత్తలేదు, శిక్ష వద్దంది, అంతే" అని పేపరు చూపించాను.

"గదే సారూ, ఇయ్యాల శిక్ష లేదంటరు, రేపు పెండ్లంటరు. దేశం ఆగమైతుంది." ఇంకొకడు గొంతు తగ్గించకుండా అన్నాడు: "దేశం దాకా ఎందుకే? బస్టాండు ఎనక జూడు."

అందరూ నవ్వారు. అందులో నర్సమ్మ చేతి సూదులతో పెరిగిన పిల్లల తండ్రులున్నారు. అన్నేళ్ళూ ఎవరికీ అక్కరలేని సంగతికి టీవీ ఒక పేరు పెట్టింది. పేరు దొరికాక అందరికీ కనిపించడం మొదలైంది.

ఆ వారంలోనే టైలరమ్మ వాళ్ళ అన్న మోటార్‌సైకిల్ మీద మా ఇంటికి వచ్చాడు. చెడ్డవాడు కాడు. చాయ్ తాగకుండా నేల చూస్తూ మాట్లాడాడు.

"సారూ, నా బిడ్డకు సంబంధాలు చూస్తున్న. జనం నవ్వుతుండ్రు. ఆ నర్సు లేకుంటయితేనే ఆ ఇంట్ల అడుగు పెడ్త. ఆమె ఉంటే మా ఇంటోళ్ళు ఎవ్వరు రారు. అవ్వ గూడ రాదు."

ఆ మాట చేరవేసింది మా ఆవిడే. టైలరమ్మ మిషన్ మీద చెయ్యి ఆపింది. "కన్న అవ్వ కాలు పెట్టని ఇల్లు ఏమిల్లక్కా" అంది. నర్సమ్మ లేకుండా గృహప్రవేశం చేస్తాననలేదు. ఆ ఆలోచనే రానట్టుంది.

గృహప్రవేశం నాడు వ్రతానికి దంపతులు కావాలంటే మేమిద్దరమే పీటల మీద కూర్చున్నాం. పిలిచినవాళ్ళలో సగం మంది రాలేదు. టైలరమ్మ ప్రసాదం పంచుతూ ప్రతి ఆటో చప్పుడుకీ గుమ్మం వైపు చూసింది.

అందరూ లేచే వేళకు ఒక ఆటో ఆగింది. అందులోంచి టైలరమ్మ తల్లి, ముసలి అవ్వ, దిగింది. వెనక టైలరమ్మ వదినె, నెత్తిన మూట.

"అన్న ఏడి?" అంది టైలరమ్మ.

"మద్నూర్ పోయిండు. మీ అవ్వను దవాఖానకు తోలుకపోతున్నని చెప్పొచ్చిన. అబద్ధం గాదు, నర్సు ఈడనే ఉంది గద" అంది వదినె.

మూట విప్పితే పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రెండు చీరెలు. ఒడిబియ్యం. మా వైపు పెళ్ళైన ఆడబిడ్డకు పుట్టింటివాళ్ళు కొంగులో పోసే బియ్యం అది. అల్లుడికి కూడా బట్టలు పెడతారు. పెళ్ళికాని పిల్లకు పొయ్యరు. పక్కింటి ఆమె ఉండబట్టలేక అంది:

"పెండ్లైనోళ్ళకు గదా అవ్వా పోసేది?"

"నీకైంది గద పెండ్లి. నీ మొగడు ఎన్నిసార్లు ఎళ్ళగొట్టిండే? అయినా పోస్తలేరా నీకు?" అంది అవ్వ. "వీండ్లు ఒక్కనాడన్న ఇడిచి ఉన్నరా? కూసోండ్రి ఇద్దరు."

ఇద్దరూ చాప మీద పక్కపక్కన కూర్చున్నారు. నర్సమ్మకు ఈ ఆచారం తెలీదు. "నేనేం చెయ్యాలండీ?" అంది మా ఆవిడతో.

"కొంగు వట్టు. కింద వడనియ్యకు."

ఎన్ని కాన్పులు చేసిన చేతులో, ఆ కొంగును మాత్రం తిరగేసి పట్టుకున్నాయి. వదినె ఇద్దరికీ దోసిళ్ళతో పోసింది. రెండో చీరె నర్సమ్మ ఒళ్ళో పెట్టి, "అల్లునికి పంచె తెస్తరు. నీకేం తేవాల్నో తెలువక ఇదే తెచ్చిన" అంది. నర్సమ్మ నవ్వబోయి ఏడ్చింది.

అవ్వ మాత్రం గోడ దగ్గరే నిలబడింది. భర్త పోయినామె ఒడిబియ్యం పొయ్యదు. నర్సమ్మ తలెత్తి చూసింది.

"అమ్మ పొయ్యరా?"

"నేను పొయ్యద్దు బిడ్డా."

"నాకు పొయ్యచ్చు గానీ, మీరు పొయ్యకూడదా?"

అవ్వ కోడలి మొహం చూసింది. కోడలు బియ్యం మూట ఆమె ముందుకు జరిపింది.

ఆ బియ్యం వండుకొని చుట్టాలను పిలిచి పెట్టాలి. మూడో రోజున వండారు. వదినె వచ్చింది, అన్న రాలేదు. వదినె పోయేటప్పుడు నర్సమ్మ ఒక టిఫిన్ డబ్బాలో అన్నం, పప్పు, ఆమె చేసే కారం పప్పే, సర్ది చేతికిచ్చింది.

తర్వాత వారం సంతలో వదినె కనిపిస్తే మా ఆవిడ అడిగింది.

"తిన్నడా?"

"తిన్నడు" అంది. "ఎక్కడిదని అడగలే. కారమెక్కువైందన్నడు."