దాలమ్మ ఎరువు గొయ్యి

దాలమ్మ చేతిలో పడిన చేప కంపు కొట్టదని వాళ్ళ ఊళ్ళో పేరు. సముద్రం ఒడ్డున పుట్టింది, ఒడ్డునే కాపురం చేసింది. వలలో పడ్డ చేపని కోసి, ఉప్పు పట్టించి, ఎండబెట్టి, తట్ట నెత్తిన పెట్టుకుని నరసన్నపేట దాకా తిరిగి అమ్మింది. మోకాళ్ళు మొరాయించాక తట్ట దించేసి, ఎచ్చెర్ల దగ్గర హైవే పక్కనున్న ఓ విత్తనాల కంపెనీ ఆఫీసులో ఊడ్చే పనికి కుదిరింది. అదీ ఒంటిపూట పనే.

అది రోజంతా పని అయింది ఆఫీసుకి పచ్చదనం పిచ్చి పట్టాకే. విశాఖపట్నం నుంచి పైవాళ్ళు హుకుం పంపారు. కాగితం కప్పులు బంద్. ఏసీ ఇరవయ్యారు కంటే తగ్గించరాదు. క్యారేజీల్లో మిగిలిన తిండి చెత్తబండికి వెయ్యకుండా పెరట్లోనే గొయ్యి తీసి ఎరువు చెయ్యాలి. స్టీలు గ్లాసులు ఎవరు కడుగుతారని కొందరు, చెమటకి లెక్కలు తప్పుతున్నాయని అకౌంట్లు చూసే హరిబాబు, తలో మాటా సణిగారు. భూమిని కాపాడటం మనవాళ్ళందరికీ ఇష్టమే, ఎటొచ్చీ ఆ పని పక్కవాడు చెయ్యాలి. చివరికి బాధ్యతంతా అరుణశ్రీ అనే చిన్న ఆఫీసరమ్మ నెత్తిన పడింది. కోటబొమ్మాళి రైతుల పిల్ల. ఆ పిల్లే పట్టుబట్టి, గ్లాసులూ గొయ్యీ దాలమ్మకి అప్పగించి పూర్తి పని ఇప్పించింది. గొయ్యి పనికొస్తేనే ఆ పని నిలుస్తుంది. లేకపోతే మళ్ళీ ఆ మోకాళ్ళతోనే చేపల తట్ట ఎత్తాలి.

మొదటి వారంలోనే హరిబాబు కిటికీలోంచి అరిచాడు. "ఏటీ కంపు దాలమ్మా? ఇలాగైతే గొయ్యి మూయించేస్తాను!"

మర్నాటి నుంచి కంపు మాయమైంది. హరిబాబే మెచ్చుకున్నాడు. ఎలా పోయిందని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. చేప తల కనబడగానే చెయ్యి దానంతటదే చేసిన పని అది.

మూడు నెలలు గడిచాయి. సోమవారం పైవాళ్ళు చూడ్డానికి వస్తారనగా శుక్రవారం అరుణశ్రీ పార పుచ్చుకుని గొయ్యి తవ్వి చూసింది. అన్నం ముద్దలు ముద్దల్లాగే ఉన్నాయి. కూరముక్కల రంగు కూడా పోలేదు. ఒక్క వానపాము లేదు. ఆ పిల్ల మొహం పాలిపోయింది.

"నాకే సేతకాలేదు పిన్నీ. పేడ సరిగ్గా కలపలేదో ఏటో. మూసేద్దామని నేనే రాసిచ్చేస్తాను."

దాలమ్మ వంగి గొయ్యిలోంచి ఓ చేప తల తీసింది. అది ఎండి గట్టిపడి, అచ్చం ఇంట్లో తను దాచుకునే ఉప్పుచేపలా ఉంది. ఒక్కసారిగా అర్థమైంది. కుళ్ళాల్సినదాన్ని కుళ్ళకుండా చేసింది తనే. నోరు మూసుకుంటే నింద ఆ పిల్ల మీదకి పోతుంది. తెరిస్తే తన పనితోపాటు పరువూ పోతుంది. అరుణశ్రీ కళ్ళల్లో నీళ్ళు చూశాక మాత్రం ఆగలేకపోయింది.

"నీ తప్పు కాదమ్మా. నానే... రోజూ గుప్పెళ్ళతో ఉప్పేసినాను. కంపు రాకుండా ఉంటాదని సేపకి సేసినట్టే సేసినాను. నన్నేటి సేస్తావో సెయ్యి."

అరుణశ్రీ నోరెళ్ళబెట్టింది. తరవాత పార వదిలేసి, మట్టిలోనే కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. "ఓలమ్మో! మూడు నెల్లు ఆఫీసు సెత్తకి ఊరగాయ పెట్టినావా పిన్నీ! నేనేమో నా సదువు మీదే అనుమానపడి సస్తన్నాను!"

నవ్వాలో ఏడవాలో తెలీక దాలమ్మ రెండూ చేసింది. తిట్టని మనిషి దొరికినందుకు ప్రాణం లేచొచ్చింది.

ఆ ఉప్పు సరుకుని పారెయ్యలేదు. "మా నాన్న కొబ్బరిచెట్లకి ఉప్పేస్తాడు" అంటూ అరుణశ్రీ దాన్ని ప్రహరీ వారనున్న కొబ్బరిచెట్ల మొదళ్ళలో కప్పించింది. పక్కనే కొత్త గొయ్యి తవ్వి పేడా, ఎండుగడ్డీ, ఆకులూ పేర్చారు. సోమవారం పైవాళ్ళకి జరిగింది జరిగినట్టు చెప్పేసింది. వాళ్ళూ నవ్వాపుకోలేక, వానలు పడేదాకా గడువిచ్చారు.

అప్పటిదాకా దాలమ్మ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని బతికింది. వస్తూనే గొయ్యి కెలికి చూసేది. చెయ్యి ఉప్పు కోసం వెతుక్కుంటే ఆ చేతిని తనే తిట్టుకునేది. తొలకరి పడ్డాక ఓ పొద్దున కర్రతో తిరగేస్తే కిందంతా నల్లగా, పొడిపొడిగా, ఎటు చూసినా వానపాములే. జన్మంతా ఏ మాట వింటే హడలిపోయిందో ఆ మాటే, ఆఫీసు మొత్తం కిటికీల దగ్గరికి పరిగెత్తుకొచ్చేలా సంబరంగా కేకేసింది.

"అమ్మా, కుళ్ళిపోనాది! మొత్తం కుళ్ళిపోనాది!"