ఖాళీ కాని రెండు సిలిండర్లు

1994 జనవరి 13, గురువారం. సఖీర్ వైపు ఎడారిలో క్యాంపు. ఉన్నవారు: కఫీల్, ఆయన తల్లి, డ్రైవరు, నేను. మధ్యాహ్నం పన్నెండింటికి సిలిండరు తూకం పదిహేను కిలోలు. ఉత్తరపు గాలి.

ఆనాటి డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. కఫీల్ అంటే నన్ను వీసా మీద రప్పించుకున్న బహ్రెయినీ యజమాని. ఆయన గోడౌనులో నేను స్టోర్‌కీపర్ని. గది జింజ్‌లో, డ్యూటీ మనామాలో. చలికాలం వస్తే అక్కడివాళ్లు ఎడారిలో గుడారాలు వేసుకుని సెలవు రోజులు గడుపుతారు. మా కఫీల్ గుడారంతో పాటు ఒక కారవాన్ కూడా కొన్నాడు. బుదైయాలో కాపురముండి వెళ్లిపోతున్న ఒక తెల్లాయన అమ్మిన పాతది. చక్రాల మీద చిన్న ఇల్లు అది. రెండు పడకలు, పొయ్యి, ఫ్రిజ్, గదిని వెచ్చబెట్టే హీటరు. ఈ మూడూ గ్యాసు మీదే నడుస్తాయి. దాంతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని చదివే ఓపిక నాకొక్కడికే ఉండటం వల్ల దాని బాధ్యత నా మీద పడింది.

కారవాన్ కొన్నది తల్లి కోసమే. ఆవిడ చిన్నతనంలో చలికాలాలు ఆ ఇసుక మీదే, మేకల మధ్య గడిచాయట. చనిపోయేలోగా ఒక్క రాత్రి అక్కడ పడుకుని, తెల్లారి ఆ నేల మీద సూర్యుణ్ణి చూడాలని కోరిక. కిందటి ఏడు ప్రయత్నించారు. హీటరు మధ్యలో ఆగిపోయింది. ఆవిడకు ఉబ్బసం. చలికి ఊపిరి అందక, చీకట్లోనే కారులో ఇంటికి తీసుకుపోవలసి వచ్చింది. అందుకని ఈసారి కఫీల్ ముందే చెప్పాడు. "రాత్రి ఇషా నమాజు వేళకు గది వెచ్చగా లేకపోతే అమ్మను తీసుకెళ్లిపోతాను. ఇక మళ్లీ ఇక్కడికి తీసుకురాను."

ఆ మాట విన్నప్పుడు ఆవిడ ముఖం చూశాను. ముసుగు సర్దుకుని కిటికీ వైపు తిరిగింది.

నేను మనామా పాత బజారులో చేపలవాళ్లు వాడే కొక్కెం కాటా ఒకటి కొని పెట్టుకున్నాను. సిలిండరు మెడ మీద ఖాళీ బరువు చెక్కి ఉంటుంది. మా సిలిండర్లకు పదిన్నర కిలోలు. కాటాకు తగిలించి ఎత్తి, అందులోంచి పదిన్నర తీసేస్తే మిగిలిందంతా గ్యాసు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తూచి డైరీలో రాసేవాణ్ణి. అది చూస్తే డ్రైవరుకు నవ్వు ఆగేది కాదు.

"ఏంది సారూ, పసిపిల్లను తూకమేసినట్టు పొద్దుకు రెండుసార్లు? గ్యాస్ ఉన్నదో లేదో మంటను చూస్తే ఎరుక గాదా?"

"మంట అబద్ధం చెబుతుంది తమ్ముడూ. కాటా చెప్పదు."

"గట్లనే అను. నీ కాటాకు పెండ్లి జెయ్యాలె ఇగ."

అతనిది జగిత్యాల దగ్గరి ఊరు. చేతిపని బాగా తెలిసినవాడు, మంచివాడు. నేను క్యాంపులో లేని బుధవారం నాడు ఒక సిలిండరులో మంట నీరసించిందని, అయిపోయిందనుకుని విప్పి పికప్పులో పడేశాడు. దాని బదులు సగం వాడి పక్కన పెట్టిన రెండోదాన్ని బిగించాడు. గురువారం మధ్యాహ్నం నేను వచ్చి తూచింది ఈ రెండోదాన్నే.

మూడు గంటలకు తల్లి వచ్చింది. గది ముందే వేడెక్కాలని డ్రైవరు హీటరును చివరిదాకా తిప్పి పెట్టాడు. ఫ్రిజ్ నడుస్తూనే ఉంది. పొయ్యి మీద అందరికీ సరిపడా అన్నం, మాంసం. మూడూ ఒకే సిలిండరు మీద. అప్పుడే నేను అడ్డు చెప్పవలసింది. గుడారం తాళ్లు బిగించే పనిలో పడి చూడలేదు. డైరీలో ఆ తప్పు నాదేనని రాసుకున్నాను.

సూర్యుడు దిగాక హీటరు మంట చిన్నదైపోయింది. నేను వెళ్లేసరికి డ్రైవరు సిలిండరును కారవాన్ బయటి పెట్టెలోంచి లాగి ఇసుక మీద అడ్డంగా పడుకోబెడుతున్నాడు.

"ఏం చేస్తున్నావయ్యా?"

"ఖలాస్ సారూ. నిన్న ఒకటాయె, ఇయ్యాల ఇదాయె. గిట్ల పండవెడితే అడుగున్నది గూడ వస్తది. ఇంటికాడ మా అవ్వ గిట్లనే చేస్తది."

మా ఇంట్లోనూ అదే చేసేవాళ్లం. కొత్త సిలిండరు వచ్చేదాకా పాతదాన్ని పడుకోబెట్టి రెండు పూటలు లాగడం మనవాళ్లకు అలవాటు. కానీ పడుకోబెడితే ఆవిరి బదులు ద్రవం గొట్టంలోకి వస్తుంది. నేను నోరు తెరిచేలోపే లోపల హీటరు బుసకొట్టి, పొడుగాటి పసుపు మంట లేచి, ఆరిపోయింది. గ్యాసు వాసన. కఫీల్ లోపలున్న తల్లిని చేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు.

"యల్లా, కారు తియ్యి. ఇంటికి పోదాం."

ఆవిడ కదలలేదు. అరబ్బీలో కొడుకుతో ఏదో అంది. కఫీల్ నా వైపు తిరిగి హిందీలో చెప్పాడు. "ఈ పుస్తకాలాయన ఏమంటాడో అడగమంటోంది."

"ఇషా దాకా టైముంది కదా సాబ్. అప్పటిదాకా అమ్మగారిని గుడారంలో బొగ్గుల దగ్గర కూర్చోబెట్టండి."

ముందు గ్యాసు కట్టేసి, సిలిండరును నిలబెట్టి, తలుపులన్నీ బార్లా తెరిచాను. కారవాన్ నేలలో ఉన్న గాలి కన్నంలో గుడ్డ కుక్కి ఉంది. చలి రాకుండా డ్రైవరే కుక్కాడు. తీయించాను. తరువాత సిలిండరును చేత్తో తడిమాను. అడుగుభాగం మంచుగడ్డలా ఉంది. వేళ్లకు తెల్లటి పొడి అంటింది.

కాటాకు ఎత్తాం. పదమూడుంపావు.

"అంటే రెండు కిలోల ముప్పావు గ్యాసుంది," అన్నాను. "అయిపోలేదు తమ్ముడూ, చల్లబడింది. మూడు పనులు ఒక్కదాని మీద వేస్తే లోపలి గ్యాసు ఆవిరై ఆవిరై గడ్డకట్టినంత చల్లనవుతుంది. ఇక పైకి లేవదు."

డ్రైవరు పికప్పు దగ్గరికి వెళ్లి నిన్నటి సిలిండరును భుజాన వేసుకొచ్చాడు. దాన్ని కూడా తగిలించాం. ముల్లు పద్నాలుగు దగ్గర ఆగింది.

"మూడున్నర కిలోలా?" అన్నాడు. "దీన్ని నేను దుకాణంల వాపస్ ఇచ్చేటోణ్ణి."

కారవాన్ పెట్టెలో రెండు సిలిండర్లకు చోటు ఉంది, రెండింటినీ కలిపే గొట్టమూ ఉంది. ఎవరూ వాడలేదంతే. రెండూ నిలబెట్టి బిగించి, సబ్బు నురుగు పూసి ప్రతి అతుకూ చూశాను. ఒకచోట బుడగ లేచింది. మర బిగించాక పోయింది. ఫ్రిజ్ ఆపేశాను. పొయ్యి వద్దు, టీ బొగ్గుల మీదే అన్నాను. లైట్లు కూడా ఒక్కటే ఉంచాను, హీటరు పంకా కూడా అదే బ్యాటరీ మీద నడుస్తుంది కనుక. వాసన పూర్తిగా పోయేదాకా అరగంట ఆగి, రెండు సిలిండర్లూ ఒకేసారి తెరిచి, హీటరు వెలిగించాను.

నీలం మంట. నిలకడగా.

ఈసారి చివరిదాకా తిప్పలేదు, మూడో గీత దగ్గర ఉంచాను. ఇషా పిలుపు ఎక్కడో పక్క క్యాంపు రేడియోలో వినిపించేసరికి గదిలో గోడ వెచ్చబడింది. కఫీల్ లోపలికెళ్లి అరచేత్తో గోడ తడిమి చూశాడు. పరుపు తడిమాడు. బయటికొచ్చి కారు తాళాలు జేబులో వేసుకున్నాడు. తల్లి తన మంచం దగ్గరికి నడిచి వెళుతూ నా ముందు ఆగి, రెండు ఖర్జూరాలు నా చేతిలో పెట్టింది. ఆ ఖర్జూరాలు ఎంత తియ్యగా ఉన్నాయో రాయడానికి నా డైరీలో మాటలు చాలలేదు. "బాగున్నాయి" అని మాత్రం ఉంది.

14, శుక్రవారం. ఉదయం ఆరున్నర. తల్లి తనంతట తానే తలుపు తీసుకుని మెట్టు దిగింది. వట్టి కాళ్లతో ఇసుక మీద నిలబడి తూర్పు వైపు చూస్తూ ఉండిపోయింది. శ్వాస మామూలుగానే ఉంది. టీ తాగాక కొడుకు బయలుదేరదామంటే తల అడ్డంగా ఊపింది. కఫీల్ నవ్వుతూ మా దగ్గరికొచ్చాడు. "ఇంకో రాత్రి ఉంటుందట. గ్యాసు సరిపోతుందా?"

నేను కాటా కోసం చేయి చాపేలోపే డ్రైవరు దాన్ని అందుకున్నాడు. రెండింటినీ ఒకదాని తరువాత ఒకటి తానే ఎత్తి, ముల్లు కదలకుండా ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూశాడు.

"ఒకటి పన్నెండుంపావు, ఇంకోటి పన్నెండు. రెండిట్ల కలిపి మూడుంపావు ఉన్నది. రాత్రి మూడే కాలింది." కఫీల్‌తో "బస్ హోగా సాబ్" అని, నా వైపు తిరిగాడు. "ఏం జూస్తున్నవ్ సారూ, రాసుకో."

రాసుకున్నాను.