పటేల్ పంపిన చీటీ

ఆ రోజుల్లో మా సంగారెడ్డిలో ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే, కంప్యూటర్లను కలిపే డబ్బాలు బాగుచేస్తానని చెప్పేవాణ్ణి. (మా అమ్మ మాత్రం ఇంజనీరని చెప్పి అక్కడితో ఆపేసేది.) ఆ డబ్బాలు రౌటర్లు. వాటి సాఫ్ట్‌వేరులో ఏయే లోపాలున్నాయో తయారుచేసినవాళ్లే ఒప్పుకొని, అచ్చువేసి, అప్పటికి గట్టెక్కే ఉపాయం కూడా రాసి పంపేవారు. చాలావాటికి ఉపాయం ఒకటే: ఆపి మళ్లీ వెయ్యండి. ఇంత చదువూ స్విచ్చి నొక్కడానికేనా అని నాకు లోలోపల ఒకటే బాధ.

పటాన్‌చెరు అవతల ఒక మందుల ఫ్యాక్టరీలో కంప్యూటరు లైను మాటిమాటికీ పోతోందని నన్ను పంపుతూ, "నిలబెట్టకుండా వస్తే నీ ఉద్యోగం పర్మనెంటు కావడం కల్ల" అన్నాడు మా మేనేజరు. మిట్టమధ్యాహ్నం వెళ్లాను. రౌటరున్న స్టోరు గదిలో, ఆ చుట్టుపక్కల ఎప్పుడూ ఉండే మందుల వాసన కాకుండా, కల్లు వాసన గుప్పుమంది. డబ్బా మీద కుంకుమ, కింద నేలంతా తడి. లారీలు తూచే పెద్దాయన (ఫ్యాక్టరీ మొత్తానికీ ఆయన కాంట మామ) గడప దాటకుండా బయటే నిలబడ్డాడు.

"ఈ తడేంది మామా?"

"సాక వోసినం సారూ." (మొక్కుగా కల్లు నేలమీద ధారపోయడమే సాక.)

"డబ్బకా?"

"డబ్బకెందుకు వోస్తం? నువ్వయితే జెర సూడు, నీకే ఎర్కయితది."

నాకు తెలిసిన ఉపాయం నాకుంది కదా. ఆపి మళ్లీ వేశాను. లైట్లు ఒక్కొక్కటే వెలిగాయి. అంతలో మూలనున్న ప్రింటరు, దగ్గర్లో మనిషి లేకుండానే, కిర్రుకిర్రుమంటూ ఒక చీటీ కక్కింది. సరుకు బయటికి పంపే చీటీ. కింద 'పటేల్', ఆ పక్కన 'జల్దీ' అని ఉంది. ఈ పటేల్ ఎవరో పిలవమన్నాను.

"పిలిస్తే రాడు. పోయి నెల దాటింది" అన్నాడు మామ. "నా దోస్తు. ఈ ఫ్యాక్టరీ జాగల సగం ఆయన పొలమే. స్టోరు నౌకరిచ్చిండ్రు. గా కుర్సీలనే పానం వోయింది. లైను వొయ్యి వచ్చినప్పుడల్లా గిట్లనే చీటి పంపుతడు."

నేను ఆనుకొని నిలబడ్డది ఆ కుర్చీకే. ఎలా బయటపడ్డానో తెలియదు గానీ, బస్సెక్కాక చూస్తే కాలికి ఒక్క చెప్పే ఉంది.

మా ఆఫీసులో లోపాల కాగితాలు తిరగేస్తే సంగతి తెలిసింది. అక్కడ టైపు చేసిన చీటీ ఫ్యాక్టరీవాళ్ల హైదరాబాద్ ఆఫీసుకు వెళ్లి, తిరిగొచ్చి స్టోరులో అచ్చవుతుంది. అచ్చయిందన్న జవాబును మా రౌటరు దారిలోనే మింగి కొయ్యబారిపోయేది. అందువల్ల లైను రాగానే ఆఫీసు కంప్యూటరు అదే చీటీని మళ్లీ పంపేది. పటేల్ ఆఖరి చీటీ అలా ఇరుక్కుపోయింది. మందు ఉంది: కొత్త సాఫ్ట్‌వేరు.

మర్నాడు అది వేసే ముందు మామకు విషయం చెప్పాను. "ఇగ ఒక్కసారే వస్తది మామా. మల్ల రాదు."

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. గేటు దగ్గర, లైను లేక చీటీలు అందని లారీలు బారులు తీరి ఉన్నాయి.

"ఒద్దంటే లారీలోళ్లు పరేషాన్ అయితరు. ఎయ్యి" అని, చెప్పులు విడిచి మొదటిసారి గదిలోకి వచ్చాడు.

చీటీ వచ్చింది. మామ చింపి కళ్లకద్దుకున్నాడు. "ఇగ జల్ది లేదు పటేల్. నిమ్మలంగ పో" అన్నాడు. హైదరాబాద్ ఆఫీసుకు ఫోన్ చేస్తే జవాబు అందిందన్నారు, అక్కడ పంపాల్సినవేమీ మిగల్లేదు. అప్పుడు ప్రింటరు తనంతట తానే కదిలి, ఒక తెల్లకాగితం ముందుకు తోసి ఆగిపోయింది. నేను మామ చెయ్యి పట్టుకున్నాను. ఆయన మాత్రం ఆ కాగితం వైపు తలూపాడు.

లైను మళ్లీ పోలేదు, నా ఉద్యోగం పర్మనెంటయింది. ఇప్పుడు నా కింద పనిచేసే పిల్లలు, కొత్త సాఫ్ట్‌వేరు వచ్చినప్పుడల్లా నేను లోపాల జాబితా చివరి పేజీ దాకా చదవడం చూసి, సారుకు ఎంత శ్రద్ధో అనుకుంటారు. ఆ తెల్లకాగితం సంగతి ఎక్కడైనా రాశారేమోనని వెతుకుతాను. ఇంతవరకూ కనపడలేదు. కనపడకపోతేనే బాగుండునని ఈమధ్య అనిపిస్తోంది.