చెరువు కాపలా మనిషి ఎలా పోయాడని అడిగిన రాత్రి

ఇది నేను ఎవరి దగ్గరో విన్నది కాదు. నాకే జరిగింది. నవ్వాలనిపిస్తే ఇప్పుడే నవ్వేయండి, మధ్యలో మాత్రం వద్దు. బైబిలు మీద చెయ్యి వేసి చెప్పమన్నా ఇదే చెబుతాను. ఊరి పేరు అడగకండి. ఆ కుటుంబం ఇంకా అక్కడే ఉంది.

ముందు నా ఉద్యోగం ఏంటో చెప్పాలి. లేకపోతే ఆ ఇంటికి చీకటి పడ్డాక ఎందుకు వెళ్లానో మీకు అర్థం కాదు. ఆసుపత్రి ముఖం చూడకుండా ఇంట్లోనో పొలంలోనో పోయినవాళ్లు అసలు ఏ జబ్బుతో పోయారో తెలుసుకునే పరిశోధన ఒకటి మా వైపు జరుగుతోంది. అందులో నేను ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌ని. పల్లెల్లో సగం చావులకు కారణం ఉండదండి. "గుండె ఆగింది" అంటారు, అక్కడితో సరి. అందుకని చావు జరిగిన కొన్ని నెలలకు, ఇంట్లోవాళ్ల మనసు కాస్త కుదుటపడ్డాక, మేం వెళ్లి కూర్చుంటాం. జ్వరం వచ్చిందా, దగ్గు ఉందా, ఊపిరి ఎలా తీశారు... ట్యాబ్‌లో ప్రశ్నలు ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటాయి. వాళ్లు చెప్పింది నేను ఎక్కిస్తే, ఆఫీసులో డాక్టర్లు చదివి కారణం తేలుస్తారు.

చచ్చిపోయినవాళ్ల సంగతులు వినడమే నా పని అన్నమాట. ఎన్నో ఇళ్లలో విన్నాను. ఏడుపు వచ్చేది. భయం మాత్రం ఎప్పుడూ వేయలేదు. మా ఇంట్లో దయ్యాలూ భూతాలూ అంటే మా నాన్న ఊరుకునేవారు కాదు.

పెనుగొండ దాటి గోదావరి వైపు వెళ్తుంటే వరి తగ్గి రొయ్యల చెరువులు మొదలవుతాయి. అక్కడొక చెరువుకి సంజీవరావు అనే ఆయన కాపలా. నలభై నిండలేదు. రాత్రిళ్లు గట్టు మీది షెడ్డులో చాప వేసుకుని పడుకునేవాడట. ఒకరోజు పొద్దున్నే మేత వేయడానికి వచ్చిన అప్పారావు అనే పనివాడు లేపబోతే లేవలేదు. ఊళ్లో వైద్యం చేసే ఆయన వచ్చి నాడి చూసి, లేదన్నాడు. ఇంటికి తెచ్చారు. సాయంత్రానికల్లా చర్చి వాళ్ల స్మశానంలో సమాధి చేసేశారు. తాగి పడుకున్నాడని కొందరు, గుండెపోటని కొందరు.

అతని భార్య పేరు కరుణ. రొయ్యలు ఒలిచే షెడ్డులో పని. చీకటి పడితేగాని ఇంటికి రాదు. అందుకే నేను ఆ వేళకి వెళ్లాల్సి వచ్చింది. ఆ ఊరి ఆశా కార్యకర్త వెంకటలక్ష్మి గారు నన్ను స్కూటీ మీద తీసుకెళ్లారు.

ముసురు పట్టిన రోజు. రెండు గదుల రేకుల ఇల్లు. లోపలి గదిలో మంచం మీద సంజీవరావు తల్లి దీనమ్మ గారు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. మనిషి మంచం దిగలేరట. కరుణ కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చి చాప మీద నా ఎదురుగా కూర్చుంది. ఎంత కడిగినా ఆ చేతులకి రొయ్య వాసన పోలేదు. వెంకటలక్ష్మి గారు ఫోన్ వస్తే అరుగు మీదికి వెళ్లారు.

మొదలుపెట్టాను. షుగర్ ఉందా అంటే తెలీదండి అంది. బీపీ... తెలీదండి. ఆ రాత్రి జ్వరంగాని ఉందా... నేను అక్కడ లేనండి, తెలీదు. పాపం ఆమె తప్పేముంది? మనిషి గట్టు మీద ఒక్కడే పోయాడు. చూసినవాళ్లు లేరు. ప్రతి ప్రశ్నకీ 'తెలియదు' అన్నదాని మీద వేలు పెడుతూ పోతున్నాను. బయట చెరువుల్లో రొయ్యలకి గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతున్న చప్పుడు. నీళ్లని చిలుకుతున్నట్టు... ఆగకుండా. అక్కడివాళ్లకి ఆ చప్పుడు చెవిన పడదు కూడా.

కరెంటు పోయింది.

ఏరియేటర్లన్నీ ఒక్కసారిగా ఆగాయి. అలాంటి నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. మామూలుగా అయితే వెంటనే జనరేటర్ వేస్తారు, లేకపోతే రొయ్య చచ్చిపోతుంది. ఆ రాత్రి ఎవరూ వేయలేదు. రేకు అంచు నుంచి బక్కెట్లోకి నీళ్ల చుక్కలు పడుతున్నాయి... టప్... టప్... అంతే.

దీపం తెస్తానని కరుణ లేస్తుందేమో అనుకున్నాను. లేవలేదు. ట్యాబ్ వెలుగుతూనే ఉంది కదా అని తర్వాతి ప్రశ్న చదివాను. చనిపోయే ముందు కడుపునొప్పి వచ్చిందా?

"వచ్చిందండి," అంది. "తెల్లారుజామున."

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఒక్క జవాబైనా దొరికింది. ఎవరైనా చెప్పారేమో అనుకున్నాను. ఎలాంటి నొప్పి అని అడిగాను. బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు అంది. వాంతి అయిందా అంటే, ఒకసారి, గట్టు చివరిదాకా వెళ్లి... అంది. మాట కొంచెం ముద్దగా వస్తోంది. అలసిపోయింది కాబోలు అనుకున్నాను.

కాళ్లూ చేతులూ పట్టు తప్పాయా అన్నది తర్వాతి ప్రశ్న.

"ముందు కళ్లండి. రెప్పలు ఎత్తుదామంటే లేవలేదు. నిద్ర కాదు. నిద్రయితే నాకు తెలుస్తుంది కదా."

నాకు... అంది.

ట్యాబ్ వెలుగు కొంచెం ఆమె వైపు తిప్పాను. తల బాగా వెనక్కి వాల్చి, గడ్డం పైకెత్తి, మూతపడుతున్న రెప్పల సందులోంచి నన్ను చూస్తోంది. రెప్పలు సగానికి దిగిపోయి ఉన్నాయి. నుదురు ముడతలు పడింది, వాటిని పైకి లాగుతున్నట్టు. పెదవులు సరిగ్గా కలవడం లేదు.

ఎందుకు లేవలేదని మీరు అడగొచ్చు. లేస్తే ఏం జరుగుతుందో అని భయం. చదువుతూ ఉంటే, ఇది మామూలు ఇంటర్వ్యూయే అన్నట్టు ఉంటుందని... ఏమో. నా గొంతు దానంతటదే చదువుతోంది. మింగడానికి ఇబ్బంది ఉందా?

"ఉమ్మి కూడా దిగలేదండి. ఫోన్ చేద్దామని తీశాను. నాలిక తిరగలేదు."

ఎవరు తీశారండి అని అడిగాను. తర్వాతి ప్రశ్న కోసం చూస్తున్నట్టు అలాగే ఉంది. టప్... టప్... బక్కెట్లో నీళ్లు.

స్పృహ తప్పిందా?

"లేదండి. అన్నీ వినపడుతూనే ఉన్నాయి."

ఏం వినపడ్డాయి అన్న ప్రశ్న ట్యాబ్‌లో లేదు. నేనే అడిగాను. అప్పారావు వచ్చి పేరు పెట్టి పిలవడం విన్నానంది. ఎవరో మణికట్టు పట్టుకుని వదిలేయడం తెలిసిందంది. తర్వాత అమ్మ ఏడవడం.

అత్తగారిని కరుణ అత్తయ్యా అనే పిలుస్తుంది. నేను వచ్చినప్పుడు కూడా అలాగే పిలిచింది.

ఆ భాగంలో ఇంకొక్క ప్రశ్న మిగిలింది. అది చదవకూడదని నాకు లోపల తెలుస్తూనే ఉంది. నోరు ఆగలేదు.

"ఊపిరి ఆగిపోయినప్పుడు... పక్కన ఎవరున్నారండి?"

ఊపిరి తీసుకుంటోందా లేదా అని చూశాను. ఛాతీ కదిలినట్టు కనపడలేదు.

"అందరూ ఉన్నారండి," అంది. "పాట పాడుతున్నారు."

మా సంఘంలో కూడా అంతే. సమాధిలోకి పెట్టె దించేటప్పుడు పాడతాం.

అప్పుడు లోపలి గదిలోంచి దీనమ్మ గారి గొంతు వచ్చింది. ఏడుపు లేదు, గాభరా లేదు. బతిమాలుతున్నట్టు ఉంది. "ఇంక అడక్కమ్మా. వాణ్ణి అడక్కు."

దూరంగా జనరేటర్ అందుకుంది. ఏరియేటర్లు తిరగడం మొదలైంది. కాసేపటికి కరెంటూ వచ్చింది. కరుణ మామూలుగా కూర్చుని ఉంది. కళ్లు బాగానే ఉన్నాయి. కడుపునొప్పి గురించి అడిగారు కదండీ, అది నాకు తెలీదు అని చెప్పింది. అప్పటిదాకా మాట్లాడిందేదీ మాట్లాడనట్టే.

బయటికి వచ్చేసరికి వెంకటలక్ష్మి గారు గుమ్మం పక్కన గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. ఫోన్ చేతిలో ఉంది, కాల్ ఎప్పుడో అయిపోయినట్టుంది. బస్టాండు దగ్గర దింపాక అన్నారు, "నేనేం వినలేదండి. ఎవరడిగినా ఇదే చెప్తాను." నేనేం అడగకుండానే చెప్పారు, చూడండి.

ఆ ఇంటర్వ్యూ పంపించేశాను. కొన్నాళ్లకి ఆఫీసులో డాక్టర్ గారు పిలిచారు. పెద్దావిడ, నెమ్మదిగా మాట్లాడతారు. ఇది కట్లపాము కాటమ్మా అన్నారు. నేల మీద పడుకున్నవాళ్లని నిద్రలో కరుస్తుందట. కాటు నొప్పి ఉండదు, గాటు కూడా సరిగ్గా కనపడదు. తెల్లవారేసరికి కడుపునొప్పి. తర్వాత రెప్పలు వాలిపోతాయి. చూడాలంటే గడ్డం పైకెత్తాలి. మాట, మింగడం, ఆఖరికి ఊపిరి... ఒక్కొక్కటీ పోతాయి. తెలివి మాత్రం ఉంటుందట. ఊపిరి మరీ సన్నగా అయితే పైకి శవంలాగే ఉంటారు. వేళకి ఆసుపత్రికి తీసుకెళ్లి ఊపిరి మిషన్ పెడితే బతికేవాళ్లున్నారన్నారు.

తర్వాత అడిగారు, ఈ జవాబులు ఎవరిచ్చారని. భార్య అన్నాను. ఆవిడ అక్కడ లేదని నువ్వే రాశావు కదా అన్నారు. మళ్లీ కిందిదాకా చదివారు. ఆఖరి జవాబు దగ్గర ఆగిపోయారు. కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

అనుమానం వచ్చిన ఇంటికి మళ్లీ వేరే మనిషిని పంపడం మా పద్ధతి. కరుణకి పనిలేని రోజు చూసి పగటిపూట వెళ్లి వచ్చారు. కరుణ అన్నిటికీ తెలీదనే చెప్పింది. చివరికి కారణం తేలలేదనే రాశారు.

నేను ఆలోచించకుండా ఉండలేకపోయాను. ఇంటికి తెచ్చాక స్నానం చేయించింది కరుణే. ఒళ్లు వెచ్చగా తగిలి ఉంటుందా? రెప్ప కదిలినట్టు అనిపించి ఉంటుందా? చెబితే, బాధలో అలాగే అనిపిస్తుందమ్మా అని పెద్దవాళ్లు సర్దిచెప్పారేమో. అదంతా నెలల తరబడి లోపల దాచుకుని, చీకట్లో అలా బయటికి వచ్చిందా? అయి ఉండొచ్చు. మా నాన్నయితే అదే అంటారు. మరి గట్టు చివర వాంతి సంగతి? రెప్పలు? ఆ తల్లి 'వాణ్ణి' అన్నది ఎవరిని?

మొన్న ఎండాకాలంలో పాలకొల్లు బస్టాండులో కరుణ కనపడింది. తనే గుర్తుపట్టి దగ్గరికి వచ్చింది. దీనమ్మ గారు పోయారట. ఎలా పోయారని అడగలేదు నేను. నా పనే అది, అయినా నోరు రాలేదు.

"మా ఆయన ఎలా పోయారో తేలిందా అండి?" అని అడిగింది.

గుండె ఆగిందన్నారు అని చెప్పాను.

"అప్పటికప్పుడే పోయారా?"

ఆ షెడ్డులోనే, నిద్రలోనే పోయారన్నాను. చెబుతున్నంతసేపూ నా ముఖం మీంచి కళ్లు తీయలేదు. బాగా దగ్గరగా నిలబడి ఉంది. తర్వాత నెమ్మదిగా తల ఊపి, అందరూ అదే అంటున్నారండి అంది. బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది.

ఆమె ఆ మాట తెలుసుకుందామని అడిగిందో... నాకు నిజం తెలుసో లేదో చూద్దామని అడిగిందో... ఇప్పటికీ నాకు అర్థం కావడం లేదు.